నిలిచిన గోడ

పూర్తిగా కూలిన ఇళ్ళకే గవర్నమెంటు కొయ్యా పెంకూ ఇస్తుందని, సగం నిలిచిన వాటిని అధికారి కన్నెత్తి కూడా చూడడని, మునసబు ఇంట్లో అంట్లు తోమే వెంకటశేషమ్మ చెప్పిందట. పొద్దున్నే బావి దగ్గర ముత్యాలయ్య పెళ్ళాం నోట ఆ మాట విని, చెంచమ్మ సగం నిండిన కడవతోనే ఇంటికి వచ్చేసింది.

ఇల్లంటే ఇప్పుడు ఒక్క పడమటి గోడే. తుపానుకు కప్పు ఎగిరిపోయింది, తక్కిన గోడలు నాని కూర్చున్నాయి. మిగిలినదానికి తాటాకులు వాలుగా ఆనించుకుని అత్త మాలకొండమ్మ, మొగుడు ఓబులేసు, నిండు చూలాలైన తనూ ఆ నీడలో తల దాచుకుంటున్నారు.

"ఈ గోడ కూడా తీసేస్తే మనకు పెంకుటిల్లు వస్తుందయ్యా," అంది మొగుడితో.

మాలకొండమ్మ పొయ్యి ఊదడం ఆపింది. "నిలబడిందాన్ని పడగొట్టుకుంటారా ఎవరైనా? మీ మామ తొక్కిన మట్టి అది."

"మట్టి మళ్ళీ తొక్కుకోవచ్చత్తా. కాన్పు నాటికి నాకో కప్పు కావాల."

"ఏదొచ్చినా మునసబు చేతి మీదుగానే గదా రావాల. పోయిన తుపానుకు మనకని పంపిన పాలపిండి ఆయన దూడలు తాగినాయి. మరిచినావా?"

"అందరూ దొంగలనుకుంటే మనబోటోళ్ళకు దిక్కెవరమ్మా?" అన్నాడు ఓబులేసు. "ఓట్లేసినాము. ఆ మాత్రం నమ్మకపోతే ఎట్టా?"

మధ్యాహ్నానికి గడ్డపార అడిగి తెచ్చాడు. గోడ ఒక పట్టాన పడలేదు. చెంచమ్మ కూడా భుజం ఆనించి నెట్టింది.

ఆ రాత్రి నుంచే ముసురు. అధికారి వచ్చేసరికి మట్టికుప్ప కరిగి నేలలో కలిసిపోయింది. మునసబు ఇంట్లో భోంచేసి, గొడుగు కింద వచ్చిన ఆయన ఆ చదునును చూసి, "ఇక్కడ ఇల్లుండేదనడానికి ఆనవాలేదయ్యా? ఒక్క గోడున్నా రాసేవాణ్ణే," అన్నాడు. పక్కనే మునసబు వక్కాకు నములుతున్నాడు. తర్వాత పెంకుల బండి వచ్చి మునసబు గొడ్లచావిడి ముందు ఆగింది.

చెంచమ్మకు ఏడుపు రాలేదు. గోడ ఉండిన చోటుకేసి చూస్తూ కూర్చుంది.

"బావికాడి మాటలు మోసుకొచ్చి నా చేత ఈ పని చేయించినావు," అన్నాడు ఓబులేసు.

అత్త తిడుతుందనుకుంది. తిట్టినా బాగుండేది. మాలకొండమ్మ కొడుకు వైపు తిరిగి, "గడ్డపార పట్టింది నువ్వు. దాన్నంటావేం?" అంది.

వాన తెరిపిచ్చాక ముసలామె చీర ఎగదోపి, మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కసాగింది. చెంచమ్మ లేవబోయింది.

"నువ్వు తొక్కబాకమ్మా. నీళ్ళు పొయ్యి చాలు."

చెంచమ్మ నీళ్ళు పోసింది. అత్త చెయ్యి ఆమె భుజం మీద ఆనింది, మట్టిలో కాలు జారకుండా. అప్పుడు వచ్చాయి చెంచమ్మకు కన్నీళ్ళు. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

గూడూరు ఆఫీసుకు పోయిన ఓబులేసు పొద్దుగూకేవేళకు తిరిగొచ్చి, మట్టి పక్కన నిలబడ్డాడు.

"ఇంకో అర్జీ పెట్టుకోమన్నారు."

మాలకొండమ్మ తొక్కడం ఆపలేదు.

"దానికేం పడగొట్టాలంటరా?"