మౌనికీ బూడిదకీ పోటీ పెడితే

ప్రేమ పుట్టాలంటే వెన్నెల కావాలి, పూలతోట కావాలి అని రాసేవాళ్ళు ఒక్క పూట అచ్చాఫీసులో నిలబడి చూడాలి. ఇంకు వాసన, కాగితం దుమ్ము, చెవులు చిల్లులు పడే మెషీన్ల మోత. ఈ ప్రేమ అక్కడే పుట్టింది. అదీ ఒక వెక్కిరింపుతో.

అతను ఆఫ్‌సెట్ మెషీన్ నడుపుతాడు. ఆమె బైండింగులో కొత్తగా చేరింది. అచ్చయిన పెద్ద కాగితాలను మడిచి, వరస కూర్చి, కుట్టి పుస్తకం చేయడం ఆమె పని. ఒకరోజు అతను కాగితాల బండి తోసుకుంటూ బైండింగులోకి వచ్చాడు. వెనక జేబులోంచి ఒక మాంగా, అదే జపాను బొమ్మల కథల పుస్తకం, తొంగిచూస్తోంది. ఆమె దాని అట్ట చూసి పెదవి విరిచింది.

"ఆ బూడిదగాడి కథా? ఇంత పొడుగు మనిషివి, నీకు ఇంకెవరూ దొరకలేదా?"

అతను బండి ఆపేశాడు. తనను ఏమన్నా ఊరుకుంటాడు, బూడిదను అంటే ఊరుకోడు.

బూడిద అంటే ఒక నింజా, జపాను కథల్లో మాటుగా దెబ్బతీసే యోధుడు. కత్తి తగలబోయే క్షణంలో ఒళ్ళంతా బూడిదై రాలిపోతాడు, శత్రువు వీపు వెనక మళ్ళీ మనిషై లేస్తాడు. ఆమె అభిమానించేది మౌనిని. ఈ నింజాది వేరే మాంగా, వేరే లోకం. గురువు చనిపోయిన రోజు నుంచి నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నవాడు. చీకట్లో ఎదుటివాడి ఊపిరి విని కత్తి విసురుతాడు, గురి తప్పదు. ఈ ఇద్దరూ ఏ పుస్తకంలోనూ ఎదురుపడలేదు. ఎదురుపడితే ఎవరు గెలుస్తారన్నదే తగువు.

ఆనాటి నుంచి టీ విరామమంతా ఆ తగువుకే పోయింది. ఆ విరామం యజమాని దయతలచి ఇచ్చింది కాదు, పాతవాళ్ళు మెషీన్లు ఆపి కూర్చుంటే వచ్చింది. వీళ్ళిద్దరూ దాన్ని నింజాలకు రాసిచ్చేశారు. రాసివ్వనీ. పోట్లాడి తెచ్చుకున్న తీరికను ఎలా వాడుకోవాలో చెప్పే హక్కు ఎవడికీ లేదు.

బూడిదకు చప్పుడే ఉండదు, మౌని ఏం విని గురి చూస్తాడని అతని వాదన. ఎంతసేపని బూడిదగా ఉంటాడు, ఊపిరి పీల్చాలంటే మనిషి కావాలిగా, ఆ మొదటి ఊపిరే వాడి ఆఖరి ఊపిరి అని ఆమె జవాబు. గుప్పెడంత కత్తి పట్టుకుని గాలితో ఏం యుద్ధం చేస్తాడని అతను అంటే, యుద్ధం దాకా ఎందుకు, ఎవరైనా చీపురు తెస్తే మీ వీరుడి పని సరి అని ఆమె అంది. బైండింగు మొత్తం పగలబడి నవ్వింది. అతనికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఆమె బుగ్గ మీద ఎండిన జిగురు మరక కనబడింది. ఆ తర్వాత ఎందుకో మంట చల్లారింది, చూపు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇంకోరోజు వాన. అందరూ షెడ్డు చూరు కింద టీ తాగుతున్నారు. ఆమె అరచెయ్యి చాపి చినుకులు పట్టింది. చూడు, ఇప్పుడు మీవాడు వట్టి అడుసు, అంది. జల్లు ఆమె కనురెప్పల మీద సన్నగా నిలిచి ఉంది. అతను ఆ రెప్పల వంకే చూస్తూ చేతిలో టీ మరిచాడు. ఓడిపోయానని ఒప్పుకుంటున్నావా అని ఆమె అడిగింది. దేని గురించి అడుగుతోందో అతనికి తట్టడానికి కాస్త సమయం పట్టింది.

ఆమె అతన్ని 'బూడిదా' అని పిలిచేది. అతను ఆమెను 'మౌనీ' అనేవాడు. పొద్దు పొడిచింది మొదలు నోరు మూతపడని మనిషికి ఆ పేరు.

బైండింగుకు పెద్ద ఆమె మేనత్తే. ఆవిడకు నింజాలు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాళ్ళిద్దరిలో ఎవడైనా వచ్చి ఈ అట్టలు అతికిస్తాడా అని ఒకసారి అడిగింది. అతికించరన్నారు. ఆవిడ దృష్టిలో ఇద్దరూ అప్పుడే ఓడిపోయారు.

అతని కష్టం వేరు. నింజాల సంగతి తప్ప ఆమెతో ఇంకో ముక్క మాట్లాడటం చేతకాదు. మీ ఇంట్లో ఎవరెవరుంటారని అడగబోయి, మౌనికి అన్నదమ్ములున్నారా అని అడిగాడు. టీ చల్లారేదాకా ఆమె దానికి వివరంగా జవాబు చెప్పింది.

అలాంటప్పుడు వచ్చింది ఆ ఆర్డరు. రెండు మాంగాలవాళ్ళూ కలిసి ప్రత్యేక పుస్తకం వేస్తున్నారు. మౌనీ, బూడిదా ముఖాముఖి. అచ్చు వీళ్ళ దగ్గరే. అంతవరకూ అక్కడ పాఠ్యపుస్తకాలూ కేటలాగులే తప్ప మాంగా అచ్చయింది లేదు. ఆమె ఎగిరి గంతేసింది. అతనికి గుండెలో రాయి పడింది. ఎవరు గెలిచారో తేలిపోతుంది. తగువు తీరిపోతుంది. తీరాక ఆమె తన దగ్గరికి ఎందుకు వస్తుంది?

పుస్తకాన్ని ఒక్కో పేజీగా అచ్చువెయ్యరు. పెద్ద కాగితం మీద బోలెడు పేజీలు కలగాపులగంగా, కొన్ని తలకిందులుగా పడతాయి. మడిస్తే వరస కుదురుతుంది. ఆ కాగితాన్నే ఫారం అంటారు. తక్కిన ఫారాలన్నీ పొద్దుటి షిఫ్టువాడు అచ్చు తీసేశాడు. ఆఖరి నంబరు ఫారం అతని వంతుకొచ్చింది.

ఇంకు సమంగా పడిందో లేదో చూడాలని ఒక కాగితం తీసి దీపం కింద పరిచాడు. మౌని బోర్లా పడి ఉన్నాడు. కత్తి విరిగిపోయింది. పైన బూడిద నిలబడి ఉన్నాడు.

ఇన్నాళ్ళూ గొంతు చించుకున్నది దీనికోసమే. సంతోషం రావాలి, రాలేదు. ఈ కాగితం మడిచేటప్పుడు ఆమె ముఖం ఎలా మారిపోతుందో తలుచుకుని కాగితాన్ని బోర్లించేశాడు. తన నోటితోనే ముందుగా ఆమెను గెలిపించేస్తే పోతుందనుకున్నాడు.

"నువ్వే గెలిచావు," అన్నాడు టీ దగ్గర. "మౌనిదే గెలుపు. ఇక ఈ గోల వదిలేద్దాం."

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఉన్నట్టుండి ఎందుకని అడిగింది. నిజం చెబితే కథ చెప్పేసినట్టవుతుంది. అబద్ధమాడే అలవాటు లేనివాడు కాబట్టి, ఉన్నవాటిలోకెల్లా చెత్త అబద్ధం ఏరుకున్నాడు.

"విసుగొచ్చింది."

మర్నాటి నుంచి ఆమె బయటికి రాలేదు, టీ బైండింగులోనే తాగింది. ఎదురుపడితే తప్పుకుని వెళ్ళింది. పేరు సార్థకం చేసుకుంది. గది ఇంత నిశ్శబ్దంగా ఉంటే చేతులు ఆడట్లేదని మేనత్త సణిగింది.

ఏదో త్యాగం చేస్తున్నామనుకుని నోరు మూసుకునే మగవాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఎవరడిగారు ఆ త్యాగం? ఉన్నమాట చెబితే సరిపోయేది. కాని అతను చెప్పలేదు, మెషీన్ మోతలో నిలబడి కుమిలిపోయాడు.

ఫారాలు ఆరి బైండింగుకు చేరాక అతనికి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది. ముందు ఆ ఆఖరి ఫారం, పక్కన నమూనాకోసం ఒక్క ఫారం మినహా తక్కినవి మడిచి కుట్టిన పుస్తకం.

"ఇది అచ్చు తీసింది నువ్వేనా?"

"నేనే."

"ఆరోజే నాకు గెలుపు దానం చేశావు కదూ."

అతను తల దించుకున్నాడు.

"ఇది పుస్తకంలో ఎక్కడ వస్తుంది, చెప్పు."

"చివర. ఆఖరి నంబరు కదా."

ఆమె నమూనా పుస్తకాన్ని అతని ముందుకు తోసింది. కుట్టు కుడివైపు ఉంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే చదివాడు. కాని మెషీన్ ముందు నిలబడితే అతను పాఠకుడు కాదు. అక్కడ ఏళ్ళ తరబడి ఏ పుస్తకానికైనా ఆఖరి ఫారమే ముగింపు. అచ్చు ప్లేట్లు చేసినవాళ్ళూ అలవాటు కొద్దీ ఎడమ అట్ట నుంచే నంబర్లు వేసుకుపోయారు. బొమ్మల పేజీల మీద అంకెల్లేవు. అతను చూసింది ముగింపు కాదు, మొదలు. మౌని ఓడిపోవడంతో కథ మొదలవుతుంది. పడ్డవాడు లేచి బూడిదను వెతుక్కుంటూ వెళ్ళడమే తక్కిన పుస్తకమంతా.

"మౌని పోయాడని జాలిపడి నన్ను గెలిపించావా?" ఆమె ఫారాన్ని పక్కకు నెట్టింది. "నీ జాలి ఎవడిక్కావాలి? ఓడిపోతే ఏడుస్తాను, మర్నాడొచ్చి మళ్ళీ పోట్లాడతాను. విసుగొచ్చిందన్నావు చూడు, దానికేం చెయ్యాలో నాకు తెలియలేదు."

"విసుగు కాదు. భయం."

"దేనికి?"

"తేలిపోతే నాతో మాట్లాడటానికి నీకింకేం పనుంటుంది? నాకు నువ్వంటే ఇష్టం. అది ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ బూడిద గురించి చెప్పాను."

బైండింగులో చేతులన్నీ ఆగాయి. మేనత్త ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ కదిలాయి, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

ఆమె వంగింది. బల్ల కింద నుంచి మొదటి నంబరు ఫారం తీసింది. అసలు ముగింపు అదే. బోర్లించి పెట్టి ఉంది.

"చూడలేదు," అంది. "ఒక్కదాన్నీ చూడబుద్ధి కాలేదు."

ఇద్దరూ చెరో కొస పట్టుకుని తిప్పారు. మౌని విసిరిన కత్తిని బూడిద గాలిలోనే అందుకుని, మెల్లగా అతని పాదాల ముందు పెట్టాడు. మౌని తలవంచాడు. ఎవరు గెలిచారన్నదాంట్లో అనుమానమేం లేదు.

అతను ఆమె వంక చూడటానికి జంకాడు.

"ఒప్పుకోను," అంది ఆమె.

"అచ్చులో ఉంది కదా."

"ఉంటే? గీసినవాడికి మౌని గురించి ఏం తెలుసు? ఆ అడుగు చూడు, మౌని ఎప్పుడైనా ఎడమకాలు ముందుకేశాడా?" అలా మొదలుపెట్టి, ఈ పోటీ ఎందుకు చెల్లదో ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి చెబుతూ పోయింది. అతను గెలిచాడు. తగువు తీరలేదు. ఇంత సుఖమైన గెలుపు ఉంటుందని అతనికి తెలియదు. నడుమ ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆమె అంది, "నువ్వన్న మాట విన్నాను. నాకూ ఇష్టమే. ముందు ఇది తేలనీ."

మేనత్త వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. అది తేలేలోపు ఈ పుస్తకాలు కుట్టాలంది. తర్వాత అతని వైపు తిరిగింది.

"ఆదివారం ఇంటికి రా, బాబూ. మా అన్నయ్యతో నేను మాట్లాడతాను. ఆ నింజాల మాట మాత్రం ఎత్తకు."

ఆదివారం అతను వెళ్ళాడు, ఎత్తలేదు. ఆమె తండ్రి లారీ డ్రైవరు, తూచి మాట్లాడే మనిషి. పని గురించి, షిఫ్టుల గురించి అడిగాడు. అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బుద్ధిగా చెప్పాడు. ఆమె గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడింది. ఆయన కూతుర్నీ అతన్నీ మార్చి మార్చి చూశాడు.

"మా చెల్లెలు అంతా చెప్పింది. ఇంతకీ ఎవరు గెలిచారు?"

"బూడిద." "మౌని." రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. మేనత్త నెత్తి కొట్టుకుంది.

ఆయన వెనక్కి వాలి కూర్చున్నాడు.

"అయితే మీ ఇద్దరికీ ఇది ఇప్పట్లో తేలేది కాదు. కుర్చీ ఇటు లాక్కో, బాబూ. మొదట్నుంచి చెప్పు."