వంతెన మీద ఆగాల్సిన కారు

“వంతెన మీద కారు ఆగుతుంది. ఆగగానే కాల్చు.”

ఉదయం ఏడున్నరకు శత్రువుల రేడియోలో దొరికిన మెసేజ్ అంతే. ఎనిమిదిన్నరకు సైంటిస్టు ఆ వంతెన దాటి, కోర్టులో విదేశీ ముఠా గుట్టు విప్పాలి.

“కారు మార్చేద్దాం చీఫ్,” మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్, స్పానర్‌లో దాచిన మైకులో అన్నాడు.

“మారిస్తే ఇంటిదొంగ తప్పించుకుంటాడు. కారు ఎలా ఆపబోతున్నారో కనిపెట్టు. నలభై నిమిషాలే టైము.”

బాంబు లేదు. బ్రేకులు బాగున్నాయి. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. అదే అతనికి గుబులు పుట్టించింది.

“నిన్నా ఇంతే బాబూ,” అన్నాడు గ్యారేజీ మేస్త్రీ. “వేడెక్కాక ఆగిపోయింది. ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ పోయిందని సాయంత్రం కొత్తది వేశా.”

ఏజెంట్ మీటరు పెట్టాడు. కరెంటు వస్తోంది, వైర్లు బాగున్నాయి. హాట్ ఎయిర్ గన్‌తో సెన్సర్‌ని వేడి చేశాడు. మీటరు స్క్రీన్ మీద ఎగిరిపడుతున్న గీత చచ్చిన పాములా పడుకుంది. ఇంజన్ ఠక్కున ఆగింది.

మేస్త్రీ సెన్సర్ ఊడదీసి, దాని రబ్బరు రింగును వేలితో తడిమాడు. మొహం పాలిపోయింది.

“పొడిగా ఉంది. ఇది నేను వేసింది కాదు బాబూ. నూనె చుక్క రాయందే రింగు లోపలికి దించను.”

“తర్వాత తాళాలు ఎవరి దగ్గరున్నాయి?”

“సెక్రటరీ అమ్మగారి దగ్గర.”

సైంటిస్టు సెక్రటరీ, ఆ నల్లకళ్లద్దాల సుందరి, ఏడాదిగా తమ సంస్థ తరఫునే పనిచేస్తున్న గూఢచారి!

మేస్త్రీ నూనె రాసి మంచి సెన్సర్ దించాడు. ఏజెంట్ డ్రైవర్ టోపీ పెట్టుకున్నాడు.

వంతెన. వెనకసీట్లో సైంటిస్టు పక్కన ఆమె, మాటిమాటికీ వాచీ చూసుకుంటోంది. సగం దాటారు.

“ఇంజన్ వేడెక్కినట్టుంది. కాస్త ఆపు,” అంది.

“వేడెక్కింది మేడమ్. మీరు వేసిన సెన్సరే గ్యారేజీలో చల్లగా ఉంది.”

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. ఏజెంట్ యాక్సిలరేటర్‌ను అడుగు తగిలేదాకా తొక్కాడు. ఆమె వెనక్కి పడింది. తూటా సైంటిస్టు చెవి పక్కనుంచి దూసుకెళ్లి పైకప్పులో దిగింది. సైంటిస్టు ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. పిట్టగోడ చాటున రైఫిల్‌వాడు ఆగని కారు వంక నోరెళ్లబెట్టి చూస్తుండగానే చీఫ్ మనుషులు వాణ్ణి పట్టేశారు.

గ్యారేజీలో ఏజెంట్ చెప్పిన సంగతంతా విన్నాక మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

“ద్రోహం సంగతి కోర్టు చూసుకుంటుంది గానీ, నూనె రాయని ఆ పొడి పని నాదేనని ఒక్క నిమిషమైనా నమ్మారా? అది చెప్పండి ముందు.”