చాయం చేయండి

వాన వెలిసిన మధ్యాహ్నం. ఓపీ అయిపోయి ఆస్పత్రి హాలు ఖాళీగా ఉంది. లోపల ఫినాయిల్ వాసన, కిటికీ తెరిస్తే మార్కెట్ వైపు నుంచి బెల్లం వాసన. రిసెప్షన్‌లో పనిచేసే శ్రీదేవి ఇవాళ మేనేజర్ ధనరాజ్ గదిలో, అతని ఎదురుగా కూర్చుంది. తండ్రి పోయినప్పటి నుంచి ఆమె గొడవ ఒకటే. ఫోన్లెత్తే ఆ ఏఐ మిషన్‌ని తీసెయ్యాలి, మనిషిని పెట్టాలి.

"ఎన్నిసార్లు సెప్పాలి సార్? దానికి మా మాట తెలీదు. 'నొప్పొత్తంది' అంటే అర్థం కాలేదంటాది."

"మిషన్‌కి అందరూ ఒకటేనమ్మా." ధనరాజ్ గోడ మీది ఫ్రేము చూపించాడు. 'పక్షపాతం లేని, బాధ్యత గల ఏఐ' అని బంగారు అక్షరాలు. "దీని మీద చట్టం తయారవుతోంది. వచ్చాక కేసు పెట్టుకో."

శ్రీదేవికి ఒళ్లు మండిపోయింది. చట్టం వచ్చేదాకా జనం గుండెనొప్పి ఆపుకోవాలి కాబోలు!

కోటవురట్లలో ఒంటరిగా ఉండే తండ్రి త్రినాధరావుకి ఆమే పాఠం చెప్పింది. "నాన్నా, మిషన్‌తో మనలా మాటాడకు. 'సెప్పు' కాదు, 'చెప్పు'." చెరుకు రైతు, మొండి మనిషి, అయినా కూతురి కోసం బుద్ధిగా నేర్చుకున్నాడు. మరీ బుద్ధిగా నేర్చుకున్నాడు. 'స' కనబడితే చాలు, 'చ' చేసేశాడు.

ధనరాజ్ విసుగ్గా హెడ్‌ఫోన్ ఆమె ముందుకి తోశాడు. "ఇదిగో, మీ నాన్నగారి ఆఖరి కాల్. మిషన్ తప్పేం లేదు. విను."

ముందు గరగరమని శబ్దం. తర్వాత ఆయాసం. నాన్న ఆయాసమే.

"అమ్మా... చాయం... చాయం చేయండి..."

తియ్యటి ఆడగొంతు వెంటనే పలికింది. "చాయ్ కోసం క్యాంటీన్‌కు కలుపుతున్నాను."

ఆ రోజు ఆదివారం. మూసి ఉన్న క్యాంటీన్‌లో ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. మధ్యలో ఆ ఆయాసం సన్నబడి, సన్నబడి... ఆగిపోయింది.

శ్రీదేవి ఏడుపు ఆపుకోలేకపోయింది. కోపమో, దుఃఖమో ఆమెకే తెలియలేదు.

"అయిపోయింది కదా?" అన్నాడు ధనరాజ్. తెర మీద రికార్డింగ్ ముగిసింది.

అయిపోలేదు.

హెడ్‌ఫోన్‌లో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నమస్కారం. నేను త్రినాధరావును మాట్లాడుతున్నాను."

నాన్న గొంతే. ఆయాసం లేదు. ప్రతి అక్షరం శుభ్రంగా, వార్తలు చదివినట్టు... బతికుండగా ఒక్కసారీ అలా పలకలేదు.

శ్రీదేవి హెడ్‌ఫోన్ తీసేసింది. వైరు పీకేసింది.

గొంతు ఆగలేదు.

"నాకిక్కడ ఒంటరిగా ఉంది. మా అమ్మాయి శ్రీదేవి కూడా వస్తుంది. ఆమె పేరు రాసుకోండి."

"ఎవులితో మాటాడతన్నావ్ నాన్నా?" ఆమె గుసగుసగా అడిగింది. ధనరాజ్ వింతగా చూశాడు. అతనికేమీ వినబడటం లేదు.

బదులుగా ఆ మిషన్ ఆడగొంతు పలికింది. అదే తీపి. కానీ ఈసారి అచ్చం కోటవురట్ల మాట.

"అలాగేనయ్యా, రాసుకున్నాను. ఎప్పుడొత్తాదేటి?"