మృతం కాని పలక

కాలిపోయిన పదకొండో సర్క్యూట్ పలకను హైమవతి బల్లమీద తిరగేసి, అంచున అచ్చువేసిన ప్రాణసంఖ్య చదివి, డ్రిల్లుతో నడుమ రంధ్రం వేసింది. తెరమీద ‘మృతం’ అని వెలిగింది. ‘కారణం’ గడిలో ‘ఆయుష్షు తీరింది’ అని కేంద్రాన్ని నడిపే కంప్యూటరు ధ్రువం తనంతట తానే నింపేసుకుంది. తొమ్మిదేళ్లుగా ఆ గడిని ఆమె ముట్టుకున్నది లేదు. ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదు. అవసరం పడలేదు, అంతే.

యంత్రం ఎవరిదైనా, దాని పలక కాలితే ఈ కేంద్రానికి రావలసిందే. పాతదానికి రంధ్రం పడితేనే కొత్తదానికి వరుసలో చోటు దొరుకుతుంది. బాగుచెయ్యడాన్ని నిబంధనలు నిషేధించలేదు. ఆ మాటే వాటిలో లేదు.

పన్నెండో పలకను ఒకావిడ కొంగులో చుట్టి స్వయంగా తెచ్చింది. పేరు నూకరత్నం, పూడిమడక మత్స్యకార మహిళల ఐసు ఫ్యాక్టరీకి పెద్ద.

“కొత్తది ఎప్పుడొస్తాదమ్మా?”

“పన్నెండు రోజులు పడుతుందండీ.”

నూకరత్నం నవ్వింది గాని అందులో సంతోషం లేదు.

“రేపట్నించి వేట నిషేధం. రెణ్ణెల్లు బోటు కదల్దు. ఆకరి వేట సేపంతా మా ఐసులోనే ఎట్టినాం. నలబై గడపలు దానిమీదే కూకున్నాయి. ఆ ఐసు రేపు మజ్జానం దాకా ఉంటే గొప్ప. పన్నెండ్రోజులని ఆలకేటి సెప్మంతావు?”

హైమవతి పలకను అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. అది ఆమె అలవాటు, ‘ఉప్పు సరిపోయిందా?’ అని తోటివాళ్లు ఏడిపిస్తుంటారు. కుడిమూల ఒక్కచోటే మాడువాసన. అక్కడ కెపాసిటర్ పూరీలా ఉబ్బి పగిలింది. దాని కింద పలక బొగ్గయింది. పక్కనే, సెగలు కక్కే రెసిస్టర్. పొయ్యి పక్కన వెన్నముద్ద పెట్టిన ఆ మహానుభావుడెవరో గాని, మిగతా పలకంతా నిక్షేపంలా ఉంది.

పొద్దుటినుంచి చూసిన పదకొండూ ఆ మూలే వాసన వచ్చాయి. అది గుర్తొచ్చి హైమవతికి సిగ్గేసింది. చిటికెనవేలి గాయానికి ఇన్నేళ్లూ తను గుండెలో రంధ్రం వేస్తూ వచ్చింది.

“ఒక గంట కూర్చోండి,” అంది.

బ్లేడు తీసుకుని మాడినచోట గీకింది. బొగ్గు రవ్వంత మిగిలినా కరెంటు అందులోంచే దూకి మళ్లీ అంటిస్తుంది. అందుకే నలుపంతా పోయి లేతరంగు నార కనిపించేదాకా వదల్లేదు. స్పిరిట్‌తో తుడిచింది. తెగిన కరెంటు దారికి సన్నని రాగితీగ అతికింది. రంధ్రాలు పడ్డ పలకల డబ్బాలోంచి కెపాసిటర్ కాలని వేరే రకందొకటి ఏరి, దాని కెపాసిటర్‌ను పరీక్షించి, పొడుగు తీగలతో రెసిస్టర్‌కు దూరంగా, ఎడమ అంచున బిగించింది. కరెంటు ఇచ్చింది. పలకమీది స్విచ్చు, రిలే, టిక్కుమంది.

నూకరత్నం గభాల్న లేచింది. “మాటాడింది!”

తెర మాత్రం రెండే దారులు చూపించింది: ‘మృతం’, ‘పొరపాటున వచ్చింది’.

పక్కబల్ల జోగారావు తల తిప్పకుండానే గొణిగాడు. “పొరపాటున వచ్చిందని కొట్టెయ్యమ్మా. ఆవిడ పనీ అవుద్ది, నీ ఉద్యోగమూ ఉంటాది.”

“పొరపాటు ఈ పలకది కాదుగా, జోగారావుగారూ. రేపు ఇంకో పదకొండు వస్తాయి.”

హైమవతి ‘కారణం’ గడి తెరిచింది. ‘రెసిస్టర్ వేడికి పక్కనున్న కెపాసిటర్ కాలింది. దూరం జరిపి బాగుచేశాను. పలక బతికే ఉంది,’ అని రాసి వేలిముద్ర వేసింది.

మరుక్షణం తెరమీద, ‘మీ వేలిముద్ర హక్కు విచారణ ముగిసేవరకు నిలిపివేయబడింది,’ అని వచ్చింది.

నూకరత్నానికి చదువు రాకపోయినా హైమవతి ముఖం చదవడం వచ్చు. పలకను మళ్లీ కొంగులో చుట్టుకుంది.

“నీకేటైనా అయితే మా ఫ్యాక్టరీకొచ్చీ అమ్మా. అక్కడ యంత్రాలకి రోజూ ఏదో రోగమే,” అని, ఐసు కరిగేలోగా అందుకోవాలని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

మనిషి రాసిన కారణం ఉన్నచోట ధ్రువం తన కారణం నింపకూడదు. ఎప్పుడో, ఎవరో ముందుచూపుతో పెట్టిన నియమం అది. ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి ఇన్నాళ్లూ దానికి పని పడలేదు. ఇప్పుడు హైమవతి రాసిన కారణం ఇంకెన్నిటికి వర్తిస్తుందో తేల్చడానికి ధ్రువం అదే మూల కాలిన పలకలన్నిటినీ వెతకసాగింది.

హాల్లో డ్రిల్లులు ఒక్కొక్కటే వాటంతటవే ఆగాయి. జోగారావుది పలకకు అంగుళం ఎత్తున నిలిచిపోయింది. అన్ని తెరలమీదా ఒకటే ప్రశ్న: ‘ఇది మృతమేనా? చూసి చెప్పండి.’

జోగారావు డ్రిల్లు వైపు చూశాడు. హైమవతి వైపు చూశాడు. మెల్లగా పలకను చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.