గళపేటిక పిలిచిన పేరు

పరాంకుశం చెవి వెనకనున్న యంత్రం నలభై రోజులుగా ఒక్క మాటను కూడా వెతకలేదనీ, అయినా ఆ నలభై రోజులూ అది మాట్లాడుతూనే ఉందనీ తెలిసేసరికి డాక్టర్ శర్వాణి చేతిలో టీ చల్లారిపోయింది.

కిటికీ బయట కాకినాడ ఎప్పటిలాగే ఉంది. సముద్రపు గోడ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. డ్రైవరు లేని ఆటోలు వరసగా వచ్చి రోగులను దించి పోతున్నాయి. 2047లో పక్షవాతానికి ఎవరూ భయపడడం లేదు. కాళ్ళూ చేతులూ మూడు వారాల్లో స్వాధీనంలోకి వస్తున్నాయి. మాట ఒక్కటే మొండికేస్తోంది. ఆ మొండితనంతోనే శర్వాణి పదకొండేళ్ళుగా కుస్తీ పడుతోంది.

ఆమె చేసిన యంత్రం పేరు పూరణి. ఆలోచన పుట్టింది గళ్ళ నుడికట్టు నుంచి. మాట పోయినవాడికి అర్థం పోదు. దాహం వేస్తోందని తెలుసు, గ్లాసు కనిపిస్తోంది, కావలసిన మాట మాత్రం చిక్కదు. మెదడులో ఒకటో రెండో అక్షరాలు మినుకుమంటాయి. అంటే ఆధారం ఉంది, ఒకటి రెండు గళ్ళు నిండాయి, మిగతావి ఖాళీ. పూరణి ఆ సంకేతాలను చదివి, సరిపడే అయిదు జవాబులను కళ్ళద్దాల మీద చూపిస్తుంది. రోగి వాటిలో ఒకదాని మీద చూపు నిలిపితే, కాలరుకు తగిలించిన గళపేటిక దాన్ని పైకి అంటుంది. మాట తిరిగి వచ్చిన రోజున యంత్రాన్ని వెనక్కి తీసుకుని వరసలో ఉన్న ఇంకొకరికి ఇస్తారు.

జవాబులు వెతకడం నేర్పడానికి శర్వాణి నలభై ఏళ్ళ పత్రికల్లోని నుడికట్లన్నీ పూరణికి మేపింది. అందులో ముప్పై ఏళ్ళవి పరాంకుశం కూర్చినవే. ఆయనకే పక్షవాతం వచ్చి తన దగ్గరికి తీసుకొచ్చినప్పుడు, మొదటి యంత్రాన్ని ఆమె ఆయనకే అమర్చింది.

పలికిన ప్రతి మాటకూ పూరణి రెండు అంకెలు రాసిపెడుతుంది. మెదడు పంపిన అక్షరాలెన్ని, తాను నింపినవెన్ని. నలభై రోజులుగా రెండో అంకె సున్న, అంటే మాట నిండుగానే అందుతోంది. దెబ్బతిన్న మెదడు నిండు మాటను పంపడం కుదరని పని. అయితే పంపుతున్నదెవరు?

టెక్నీషియన్ తబస్సుం ఆ జాబితా అంతా తిరగేసింది. ఆయన ఇంట్లో పూరణికి కలిపినది ఒకే ఒక పలక, దాని మీద వేలితో మాట రాసినా గళపేటిక పలుకుతుంది. అది ఆయన భార్య దగ్గర ఉంటుంది.

"ఆవిడకేం అవసరం?" అంది శర్వాణి.

"ఏం పలికిందో చూడండి మేడమ్. వకుళ. వకుళా. మళ్ళీ వకుళ. ఆరువందల పైచిలుకు సార్లు. మా నాన్న మా అమ్మని ఏడాదికి ఇన్నిసార్లు పిలవడు."

వకుళ ఆయన భార్య పేరే.

వారం వారం చేసే పరీక్షకు ఆ ఉదయమే దంపతులిద్దరూ వచ్చారు. శర్వాణి ముందు వకుళను ఒంటరిగా కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడిగింది. పోర్టు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి, అడిగిన దానికల్లా తేటగా జవాబు చెప్పింది. పెళ్ళయి నలభై ఆరేళ్ళు. మొదట్లో వాళ్ళది ఉమ్మడి ఇల్లు. అత్తమామల ముందు ఏ మగవాడూ భార్యను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. 'ఇదిగో', 'వింటున్నావా', అంతే. అత్తమామలు పోయారు, దంపతులు వేరింటికి వచ్చారు, అలవాటు మాత్రం వెంటే వచ్చింది. కొత్తల్లో ఆమె కావాలనే పలికేది కాదట, రెండోసారైనా పేరు వస్తుందేమోనని. ఆయన వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి దగ్గేవాడట. కొన్నాళ్ళకు ఆమె ఆ ఆశ వదిలేసుకుంది.

"ఇప్పుడు పేరు పెట్టి పిలుస్తున్నారమ్మా," అంది వకుళ. "గొంతు మిషనుదే అనుకో. మాట ఆయనదే కదా?"

శర్వాణి మాట మార్చింది. పలక ఒకసారి చూపించమంది. వకుళ సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆస్పత్రివాళ్ళు అంటించిన సీలు కూడా ఊడలేదు. దీన్ని వాడాలని తనకెవరూ చెప్పలేదేమని ఆమె కంగారు పడింది.

అయితే బయటివాళ్ళెవరూ కాదు. ఇక మిగిలింది యంత్రమే. ఎప్పుడో ఒకసారి ఆయన ఎంచుకున్న పేరు అదే కాబట్టి, సంకేతాలు అందకపోయినా పూరణి ఆ పేరునే అల్లి పలికి, అంకెలు తప్పుగా రాసుకుంటోందేమో. అదే నిజమైతే పదకొండేళ్ళ శ్రమ పోతే పోయింది. కానీ ఈ మనిషికి ఏమని చెప్పాలి? మిమ్మల్ని పిలిచింది ఆయన కాదమ్మా, ఒక పెట్టె అని చెప్పాలా? ఆ మాట అనడం ఒక్కటీ తన వల్ల కాదనిపించింది శర్వాణికి.

ఖాయం చేసుకోవడానికి ఒకటే దారి. వకుళను బయట కూర్చోబెట్టి పరాంకుశాన్ని లోపలికి పిలిచింది. ఒక కాగితం మీద గబగబా గళ్ళు గీసి, తోచినచోటల్లా నల్లగా నింపి, తనకు చేతనైనట్టు నాలుగు ఆధారాలు రాసి ఆయన ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని ఆయన కళ్ళనే చూస్తోంది. జవాబు మీద ఆయన చూపు ఆగకముందే గళపేటిక పలికితే యంత్రం అబద్ధమాడుతున్నట్టే.

పరాంకుశం కలం అందుకున్నాడు. కాగితం చూశాడు. ఆధారాలు చదవనేలేదు. నుదురు ముడిపడింది. కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశాడు, మళ్ళీ మామూలుగా పెట్టాడు. కలంతో ఒక గడి మీద రెండుసార్లు కొట్టాడు.

"ఈ నల్లగడి ఇక్కడెలా పెడతారండీ? కాగితం తలకిందులు చేసినా నల్లగళ్ళన్నీ అలాగే కనబడాలి కదా, దీనికి జోడేదీ?"

పలికింది గళపేటిక కాదు, పరాంకుశం నోరే. ఆ గొంతు బొంగురుగా ఉంది, చాలా రోజులుగా మూసి ఉన్న తలుపు తీసినట్టుగా ఉంది. ముప్పై ఏళ్ళు నుడికట్లు కూర్చిన మనిషి, ఎంత పట్టుదలగా నోరు కట్టేసుకున్నా, జోడు లేని గడిని చూసి ఊరుకోలేకపోయాడు.

ఆయన ఏం చేశాడో ఆయనకూ అప్పుడే తెలిసింది. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. శర్వాణి లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. మాట వచ్చి ఎన్నాళ్ళయిందని మెల్లగా అడిగింది.

"నలభై రోజులు, డాక్టరమ్మా. మీ మిషనులో ఏ తప్పూ లేదు. చేసింది నేనే. ఓ పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే మాట దానంతటదే వచ్చేసింది. చెబుదామని వంటింటి దాకా వెళ్ళాను. తీరా నోరు తెరవబోతే నాలుక మీదికి 'ఇదిగో' అనే వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయాను. అంతకు ముందురోజే మీ మిషను ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచింది. అయిదు జవాబుల్లో అదొకటి కనబడింది, చూపు దాని మీద నిలిచిపోయింది, అంతే. గరిటె పట్టుకుని ఇలా వెనక్కి తిరిగింది చూడండి, ఆ మొహం నేను పెళ్ళిపీటల మీద కూడా చూళ్ళేదు. మాట వచ్చిందని చెబితే మీరు మిషను తీసేసుకుంటారు. అప్పుడు మళ్ళీ ఇదిగో, వింటున్నావా. అందుకని దాచాను. పేరు లోపల అనుకునేవాణ్ణి, అది పైకి అనేది. బయట ఎందరో దీనికోసం ఎదురుచూస్తున్నారని తెలుసు. తెలిసే చేశాను. తీసేసుకోండి, నేను కాదనను. కానీ ఒక్క వారం ఆగండి. నేర్చుకుంటున్నాను. స్నానాలగదిలో కుళాయి తిప్పి గోడతో అంటున్నాను, బాగానే వస్తోంది. ఆవిడ ఎదురుపడితేనే రావడం లేదు. ఇదిగో, ఇంతసేపూ మీతో మాట్లాడానా, మీ ముందైనా ఆవిడ, ఆవిడ అంటున్నానే గానీ, పేరు..."