కదలని కంప్యూటర్

శనివారం ఉదయం. ఆమె తాను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి బయల్దేరబోతుంటే తలుపు చప్పుడైంది. చెప్పులు వేసుకుంటూనే తీసింది. ఎదురుగా మాజీ భర్త. లిఫ్టు మెకానిక్ యూనిఫాంలోనే ఉన్నాడు. చంకలో ఒక అట్టపెట్టె.

"పిడుగుకి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు లోపలికి తొంగిచూస్తూ. "నెల దాటింది, రావడం లేదు. ఫోన్ చేస్తే పరీక్షలంటోంది."

విడాకులప్పుడు అనుకున్న మాట ఒక్కటే. వారమంతా కూతురు పిడుగు తల్లి దగ్గర, శని ఆదివారాలు తండ్రి దగ్గర. పోయిన నెల వరకు అలాగే జరిగింది. ఇప్పుడేమో పరీక్షలట. పరీక్షలేవీ లేవని ఆమెకు తెలుసు.

"ఇదిగో, ల్యాప్‌టాప్ వేడెక్కకుండా కింద పెట్టుకునే ఫ్యాను. ల్యాప్‌టాప్ కొంటున్నారని పిడుగు చెప్పిందిగా," అంటూ పెట్టె అందించబోయాడు. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

హాల్లో కిటికీ పక్కన కొత్త డెస్క్‌టాప్. బల్ల నిండా మానిటర్, కింద చిన్న బీరువాలాంటి సీపీయూ. ముందు హెడ్‌ఫోన్లతో కూతురు.

గేమింగ్ ల్యాప్‌టాపే కావాలని పిడుగు పట్టుబట్టింది. రెండిళ్లకీ మోసుకెళ్లొచ్చంది. ఆ ఒక్క మాటతో తల్లి మనసు డెస్క్‌టాప్ వైపు తిరిగింది. పైకి మాత్రం అన్నీ సరైన కారణాలే చెప్పింది. అదే ధరకి ఎక్కువ పవర్ వస్తుంది, పాడైతే పాడైన భాగం ఒక్కటే మార్చుకోవచ్చు, పెద్ద తెర కళ్లకి మంచిది. కళ్లద్దాలమ్మే మనిషే కళ్ల సంగతి చెబితే ఎవరు కాదంటారు?

కొన్నాక వచ్చిన మొదటి శనివారం పిడుగు సంచి సర్దుకుని గుమ్మం దాకా వెళ్లింది. సాయంత్రం స్నేహితులతో ఆట ఉంది. కంప్యూటర్ వైపు చూసి, సంచి దించేసింది. ఆ పూట తల్లి కూనిరాగం తీస్తూ వంట చేసింది.

"మంచి మెషీనే," అన్నాడతను మెల్లగా. "బాగా బరువుంటుంది కదూ?"

"ల్యాప్‌టాపైతే తొందరగా పాడవుతుందని..."

"నేనేమన్నా అన్నానా?"

అనకపోవడమే ఆమెను రెచ్చగొట్టింది. "అంటే ఏమిటి మీ ఉద్దేశం? దాన్ని నేను కట్టేశాననా?"

"కట్టేశావమ్మా," అంది కూతురు హెడ్‌ఫోన్లు తీసి. "నువ్వు కొన్నది కంప్యూటర్ కాదు, కట్టుకొయ్య. నాకు షాపులోనే అర్థమైంది."

"అర్థమైతే నాన్నకి చెప్పలేదేమే?"

"చెబితే నిన్ను తిడతాడని. అందుకే పరీక్షలని అబద్ధమాడా." "నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? మేత దొరికింది కదాని కట్టేసిన చోటే ఉండిపోయా."

ఆమె అతని దగ్గర నుంచి రెండు రోజులు లాక్కున్నాననే అనుకుందిగానీ, కన్నకూతురి చేత అబద్ధాలాడిస్తున్నానని అనుకోలేదు.

చెప్పులు విడిచి బల్ల కిందికి దూరింది. ఒక్కో వైరూ పీకసాగింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడతను.

"మోస్తారా, మొయ్యరా?"

"లిఫ్టు పాడైన బిల్డింగుల్లోనే నా ఉద్యోగమంతా. సామాను మోసుకుంటూ మెట్లెక్కడం నాకు కొత్తా?"

సీపీయూ అతను భుజానికెత్తుకున్నాడు. కీబోర్డు, వైర్లు, తన సంచి పిడుగు పట్టుకుంది. ఇద్దరి చేతులూ నిండిపోయాయి.

"మరి మానిటరో?" అంది పిడుగు తల్లి వైపు చూసి.

అతని ఇంటి గడప ఆమె ఏనాడూ తొక్కలేదు. తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది. ఒక్క క్షణం ఆగి, మానిటర్‌కి దుప్పటి చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వాళ్ల వెనకే బయల్దేరింది.

అక్కడ లోపలి గదిలో చిన్న బల్ల. ప్లాస్టిక్ కవరైనా తీయని కుర్చీ. గోడకి కొత్తగా బిగించిన ప్లగ్ బోర్డు.

"ల్యాప్‌టాప్ వస్తుందనుకుని బిగించా," అన్నాడతను, తప్పు తనదైనట్టు.

బల్ల మీద ఇసుమంత దుమ్ము లేదు. రాని పిల్ల కోసం వారం వారం తుడుస్తూనే ఉన్నట్టున్నాడు. ఆమె కళ్లు నిండిపోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"దీన్ని ఎక్కడ పెట్టమంటారు?" అంది.