మూడో రాయి

లారీలకు పేరుపడ్డ మా నామక్కల్‌లో పిల్లలు నడక కంటే ముందు క్లచ్ తొక్కడం నేర్చుకుంటారని పక్క ఊళ్ళవాళ్ళు వేళాకోళం చేస్తారు. కందవేల్ విషయంలో అది శుద్ధ అబద్ధం. పెళ్ళీడు వచ్చేదాకా వాడు కోళ్ళఫారాల చుట్టూ గుడ్ల వ్యాను తిప్పుకుంటూ బతికాడు. పెద్ద లారీ ఎక్కింది ఈ వానాకాలంలోనే. అదీ అక్క మొగుడు చెంగోడన్ ఓనరు కాళ్ళావేళ్ళా పడి ఇప్పించిన పని.

"ఈసారి ఘాటు రోడ్డు నువ్వే ఎక్కించాలిరా. ఎక్కించావా, బండి నీది. లేదంటే మళ్ళీ గుడ్లే," అన్నాడు చెంగోడన్, పక్క సీట్లో కాళ్ళు ముడుచుకుంటూ.

మంగళూరు రేవులో ఎరువు బస్తాలు నింపుకుని బయల్దేరారు. ఎత్తు మీద బండి ఆపితే చక్రాల వెనక పెట్టుకునే చెక్క దిమ్మల్ని రేవులోనే ఎవడో కొట్టేశాడు. దానికి బావ పెట్టిన చీవాట్లు కొండ కింద దాకా సాగాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ దాటిందంతే. కానీ ఘాటులో పొగమంచు రోడ్డునీ లోయనీ ఒకటి చేసేసింది. వైపర్లు కీచుమంటున్నాయి. కుళ్ళిన ఆకుల వాసన, మాడిన క్లచ్ వాసన కలిసి క్యాబిన్ నిండా ఉన్నాయి. ఒక వంపులో ఎదురుగా బస్సు ఊడిపడింది. కందవేల్ బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది. బండి మెల్లగా వెనక్కి జారింది.

వెనక హారన్లు. ఎలాగో గేరులో పెట్టి ఆపాడు. ఎదురుగా కిందికి దిగిపోతూ ఒక వ్యానువాడు తల బయటపెట్టి అరిచాడు. "ఏం నాయనా, అలాగే పోతే మళ్ళీ మంగళూరే వస్తుంది!"

వ్యానులో అందరూ నవ్వారు. కందవేల్ చెవులు కాలిపోయాయి. దిగి, రోడ్డు పక్కనుంచి రెండు బండరాళ్ళు మోసుకొచ్చి వెనక చక్రాలకు అడ్డం పెట్టాడు. మళ్ళీ ఎక్కి, ఆ దన్నుతో బండిని ముందుకు దూకించాడు.

"వంపు దాటాక ఆపు. నువ్వు పెట్టిన రాళ్ళు నువ్వే తియ్యాలి," అన్నాడు చెంగోడన్. ఎప్పుడూ ఎకసెక్కాలాడే మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం నవ్వడు.

కందవేల్ బండి ఆపి వెనక్కి నడిచాడు. వంపు దగ్గరికి వచ్చేసరికి మంచులోంచి నవ్వులు వినిపించాయి. ఆ వ్యానువాళ్ళు అక్కడే ఆగి బీడీలు కాలుస్తున్నారు. "నామక్కల్ డ్రైవరంట్రా! వెనక గేరులోనే నేర్చుకున్నాడేమో!" అంటున్నాడొకడు. వాళ్ళ ముందు వంగి రాళ్ళెత్తాలి. ఆ తలంపుకే వాడికి తల కొట్టేసినట్టయింది. కాసేపు మంచులో ఊరికే నిలబడి తిరిగి వచ్చేశాడు. వచ్చి, లారీవాళ్ళ అలవాటు ప్రకారం బండి బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. రాళ్ళు తీసేశాను, పోనీ అని దానర్థం.

"తీశావా?"

"తీశాను బావా."

రెండు మలుపులు ఎక్కాక అద్దంలో లైటు కనబడింది. ఒకే ఒక్క లైటు... పచ్చగా, గుడ్డిగా. మోపెడ్. దాని మీద పసుపు రెయిన్‌కోటు మనిషి. బండి నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. కందవేల్ చెయ్యి ఊపి దారిచ్చాడు. దాటలేదు.

ఇంకాస్త దగ్గరికొచ్చింది. కాళ్ళ మధ్య ఏదో బరువు పెట్టుకుని వస్తున్నాడు. తల... ఒక పక్కకి వాలి ఉంది. భుజానికి ఆనేంతగా.

"బావా... వెనక ఎవరో..."

చెంగోడన్ తన వైపు అద్దంలో చూశాడు. "ఎవరూ లేరు కదరా."

"పసుపు కోటు... మోపెడ్ మీద. తల వాలిపోయి ఉంది బావా..."

చెంగోడన్ కాళ్ళు కిందికి దించాడు.

"ఆపు," అన్నాడు గుసగుసగా. "నా మొహం చూసి చెప్పు. రాళ్ళు తీశావా?"

కందవేల్ మొహం చూడలేకపోయాడు. స్టీరింగు మీద తల ఆనించాడు. "లేదు బావా. సిగ్గేసింది... వాళ్ళు నవ్వుతుంటే సిగ్గేసింది."

బావ కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. "వానలో ఏ మోపెడ్ వాడో వాటి మీదికి ఎక్కిస్తే? పద," అని తలుపు తీసుకుని దూకాడు. బండి ఎత్తు మీదే ఉంది, హ్యాండ్ బ్రేకు అంతంత మాత్రమే. అడ్డం పెట్టాలన్న ధ్యాస ఇద్దరికీ లేదు.

పరిగెత్తుతూ దిగారు. కందవేల్‌కి ప్రతి అడుగులోనూ రోడ్డు మీద పడి ఉన్న మనిషే కనిపిస్తున్నాడు. దేవుడా, ఎవరూ పడకుండా చూడు, ఊరంతా నవ్వినా ఫర్వాలేదు, అనుకున్నాడు. ఇంత సిగ్గు వాడు ఎన్నడూ ఎరగడు.

వంపులో వ్యాను లేదు. రోడ్డు మీద ఎవరూ పడి లేరు. రాళ్ళు కూడా లేవు. పిట్టగోడ మీద వరసగా పెట్టి ఉన్నాయి.

కందవేల్ ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో అన్నాడు. "ఎవరో పుణ్యాత్ముడు తీసి పెట్టాడు బావా!" అంటూనే ఆగాడు. "కానీ... నేను పెట్టినవి రెండే."

మూడోది విరిగిన మైలురాయి ముక్క. సున్నం వెలిసిపోయింది, నాచు పట్టింది. చెంగోడన్ దాని ముందు కూలబడ్డాడు.

"అది నాదిరా."

"బావా?"

"మీ అక్కని చేసుకున్న కొత్తలో... ఇదే వంపు. నేనూ తీశానన్నాను. తెల్లారి పేపర్లో చూశాను. పసుపు కోటు వేసుకుని..." అరచేత్తో రాయి మీది నాచు తుడిచాడు. "మీ అక్కకి చెప్పకు. ఆ మొహం పెట్టుకుని ఇంటికి పోలేను."

ఇద్దరూ తలలు దించుకుని పైకి నడిచారు. బండి వదిలినచోటే ఉంది. ఎక్కారు. తలుపులు వేసుకున్నారు. కందవేల్ ఇంజను తిప్పి, హ్యాండ్ బ్రేకు వదిలాడు. గాభరాలో క్లచ్ కూడా తొక్కేశాడు.

నిండు లోడు బండి. నిట్టనిలువు ఎత్తు.

జారలేదు.

అంగుళం కూడా జారలేదు. చక్రాల వెనక ఏదో ఆనుకుని ఉంది.

"బావా... అడ్డం ఎవరు పెట్టారు?"

కందవేల్ మెల్లగా క్లచ్ వదిలాడు. బండి ముందుకు కదిలింది... కొంచెం... ఇంకొంచెం...

వెనక రోడ్డు మీద రాయి ఈడ్చిన చప్పుడు.

ఆ తర్వాత బాడీ మీద అరచేత్తో రెండు దెబ్బలు.